సభలో కోపము – గణాచారము



కోపము రాని మానవుడు అరుదు. వచ్చిన కోపమును ఎచ్చట, ఎవరి ఎదుట, ఎట్లు వెలిబుచ్చవలెనను విషయమున ప్రతి సమాజమును కొన్ని కట్టుబాట్లను ఏర్పరచుకొన్నది. కొన్ని కోపములను లోకము మెచ్చుకొనును, కొన్నింటిని సహించును, కొన్నింటిని చూచి నవ్వును, మరికొన్నింటిని శిక్షించును. పదిమంది కూడిన సభలో, పెండ్లి పందిటిలో, మఠపు ముంగిట కోపము ప్రదర్శించుట తగునా, తగదా యను ప్రశ్న వీరశైవ లింగవంత సమాజమునకు మిక్కిలి ముఖ్యమైనది. ఏలయన, ఈ సమాజము రెండు ఆజ్ఞలను ఒక్కమారుగ శిరసావహించి యున్నది.

మొదటి ఆజ్ఞ బసవేశ్వరునిది. అంతరంగ బహిరంగ శుద్ధికై ఆ మహానుభావుడు విధించిన ఏడు నియమములలో దొంగతనము, హింస, అసత్యము అను మూడింటి వెంటనే కోపము నిషేధింపబడినది. అనగా, కోపగించుట చిన్న లోపముగ గాక, చౌర్యము హత్యల వరుసలో నిలువదగిన దోషముగ ఎంచబడినది. రెండవ ఆజ్ఞ పంచాచారములలోనిది. లింగాచారము, సదాచారము, శివాచారము, భృత్యాచారము, గణాచారము అను ఐదింటిలో చివరిదియగు గణాచారము, శివనిందను, గురు లింగ జంగమ నిందను, శరణ ధర్మమునకు జరుగు అన్యాయమును విని ఊరకుండరాదని శాసించును. ఒక ఆజ్ఞ కోపగింపవలదనును. మరియొక ఆజ్ఞ ఊరకుండవలదనును. ఈ రెండింటి నడుమ శరణుడు ఎట్లు నడువవలెను?

సామాన్యముగ జనులు ఈ చిక్కునకు సులభమైన పరిష్కారమును కనుగొందురు. తమకు వచ్చిన కోపమునకు గణాచారమని పేరు పెట్టుకొందురు. ఎదుటివానికి వచ్చిన కోపమునకు అహంకారమని పేరు పెట్టుదురు. ఈ పరిష్కారము సులభమే గాని సత్యము గాదు. శరణుల చరిత్రలను ఓపికతో పరిశీలించినచో వేరొక మార్గము గోచరించును.

కోపమునకు లోకము పెట్టిన పేర్లు

తెలుగున కోపమును తెలుపు పదములు అనేకములు కలవు. కినుక, అలుక, రోషము, ఆగ్రహము, క్రోధము, పౌరుషము – ఇవి యన్నియు ఒకే మంటకు పేర్లు. అయినను ఏ పేరు ఎవరికి దక్కునో గమనింపవలెను. ధనవంతుడు సభలో లేచి గర్జించినచో అది ఆగ్రహము. యువకుడు వీధిలో కలబడినచో అది పౌరుషము. పాలేరు యజమానికి ఎదురు పలికినచో అది తలపొగరు. ఇంటి కోడలు పదిమందిలో గొంతెత్తినచో ఆమె గయ్యాళి. మంట యొక్కటే, దానిని మోయువాని స్థితిని బట్టి లోకము పేరు మార్చుచున్నది.

మన సామెతలును ఈ సంగతినే చెప్పును. పేదవాని కోపము పెదవికి చేటు అనునది తెలుగునాట ఎరుగని వారుండరు. ఈ సామెత పేదవానికి బుద్ధి చెప్పునట్లు కనబడును గాని, నిజమునకు లోకపు గుట్టును బయట పెట్టుచున్నది. బలము గలవాని కోపము ఎదుటివానిని కాల్చును. బలము లేనివాని కోపము వాని పెదవినే కాల్చును. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యను సామెత మరియొక సత్యమును చెప్పును. పైకి పోలేని కోపము క్రిందికి జారును. కచ్చేరిలో అధికారి ఎదుట చేతులు కట్టుకొని నిలిచిన పురుషుడు ఇంటికి వచ్చి భార్యపై విరుచుకుపడును. ఆమె బిడ్డపై చేయి చేసికొనును. ఆ బిడ్డ పెరటి కుక్కను రాతితో కొట్టును. కోపము నీటివలె పల్లమునకే ప్రవహించును. అందువలన కోపము విషయమున మొదట అడుగదగిన ప్రశ్న ఇది: ఈ కోపము పైకి పోవుచున్నదా, పల్లమునకు పోవుచున్నదా?

అలుకకు వెల

కోపమును బహిరంగముగ ప్రదర్శించుటకు లోకము అనుమతించిన సందర్భములును కలవు. తెలుగువారి పెండ్లిండ్లలో అలకపాన్పు అను వేడుక అందరును ఎరిగినదే. క్రొత్త పెండ్లికొడుకు పాన్పుపై కూర్చుండి మూతి ముడుచుకొనును. అత్తవారు వచ్చి బ్రతిమాలి కానుకలిచ్చి అలుక తీర్తురు. చూచువారు నవ్వుకొందురు. ఇది వేడుకగ ఉన్నంతవరకు ఎవరికిని హాని లేదు. కాని ఈ వేడుకలో ఒక పాఠము దాగి యున్నది. కోపము ప్రదర్శించినచో లాభము కలుగునని, ఆడపిల్ల తండ్రి పదిమందిలో తల వంచవలెనని క్రొత్త అల్లునకు మొదటి దినముననే ఇచట నేర్పబడుచున్నది.

వేడుక క్రమముగ బేరమైనప్పుడు పరిస్థితి మారును. వడ్డనలో ఆలస్యమైనదని, విడిదిలో మర్యాద తగ్గినదని, ఒప్పుకొన్న సొమ్ము అందలేదని మగపెండ్లివారు పందిటిలోనే లేచి నిలుతురు. పీటలపై కన్య కూర్చుండి యుండగా ఆమె తండ్రి వియ్యంకుని కాళ్ళు పట్టుకొనును. వరకట్నమును నిషేధించు చట్టము 1961లో వచ్చినది. అయినను అలుక పేరిట జరుగు వసూలు నేటికిని పూర్తిగ పోలేదు. ఇచట కోపము ధర్మము కొరకు గాదు, గౌరవము కొరకును గాదు. అది వెల కట్టబడిన సరకు. పరిసర సమాజముతో కలసిమెలసి జీవించు లింగవంత కుటుంబములలోనికి ఇట్టి మర్యాదలు ప్రవేశించుట సహజమే. కాని లింగధారియైన పురుషుడు లింగధారిణియైన కన్య తండ్రిని పందిటిలో తల వంచునట్లు చేసినచో, అతడు వంచినది ఆ తండ్రి వక్షమున నున్న లింగమునే యని మరువరాదు. శివనిందను సహింపరాదను గణాచారము నిజముగ అవసరమైన చోటు అదియే. ఆ సమయమున పందిటిలోని పెద్దలు లేచి వరుని పక్షమును మందలింపవలసి యుండగా, వారు విస్తరులపై దృష్టి నిలిపి ఊరకుండుట తరచుగ కనబడును. అనవసరమైన కోపము గర్జించుచుండగా అవసరమైన కోపము మౌనము వహించుట మన సభల దౌర్భాగ్యము.

సొన్నలిగెలో జరిగినది

శూన్యసంపాదనె యను కన్నడ గ్రంథమున సిద్ధరామేశ్వరుని వృత్తాంతము కలదు. సొన్నలిగె, అనగా నేటి మహారాష్ట్రలోని సోలాపురమున, సిద్ధరాముడు వందలాది జనులతో చెరువు త్రవ్వించుచు, ఆలయములు కట్టించుచు, లోకోపకారమున మునిగి యుండెను. అతని కీర్తి నలుదిశల వ్యాపించినది. అట్టి సమయమున అల్లమప్రభువు అచటికి వచ్చి, మీ వడ్డె రాముడెక్కడ నున్నాడని పనివారిని అడిగెను. తమ గురువును మన్ను మోయువానివలె పిలిచినందుకు పనివారు మండిపడి రాళ్ళు రువ్విరి. రాళ్ళు గుట్టగ పడినవే గాని ప్రభువును తాకలేదు. వార్త విని సిద్ధరాముడు క్రోధముతో వచ్చి నుదుటి కన్ను తెరచెను. ఆ అగ్ని పురమును కమ్మినది గాని అల్లమునకు వేడి తగులలేదు. అప్పుడు సిద్ధరాముని గర్వము కరగినది. అతడు ప్రభువు వెంట కల్యాణమునకు వెళ్ళి, చెన్నబసవేశ్వరునివలన లింగదీక్ష పొందెను.

ఈ కథను మహిమగ చదివి విడిచిపెట్టువారు పెక్కుమంది. కాని ఇందు ఆలోచింపవలసిన విషయము వేరు. అల్లమప్రభువు సిద్ధరామునిపై అసత్యమును పలుకలేదు. చెరువు త్రవ్వువానిని చెరువు త్రవ్వువాడనియే పిలిచెను. కాయకమే కైలాసమని నమ్మిన శరణ ధర్మమున మన్ను త్రవ్వుట హీనము గాదు. రాయి మోయుట హీనము గాదు. మరి ఆ మాట అవమానముగ ఎందుకు వినబడినది? పనివారి మనస్సులలో, గురువు మనస్సులోను, ఆ పని తక్కువదియను తలంపు దాగి యుండుటవలన. అల్లముని మాట ఆ దాగిన తలంపును వెలికి తీసినది. మనుష్యుడు ఏ మాటకు కోపగించునో, ఆ మాటలో అతడు దేనిని తక్కువగ చూచుచున్నాడో తెలిసిపోవును.

నేటి సభలలోను ఇదియే జరుగుచున్నది. ఒకనిని అతని కాయకము పేరుతో పిలిచినచో కోపగించును. ముందు వరుసలో కుర్చీ వేయనిచో కోపగించును. ఆహ్వానపత్రమున తన పేరు ఇతరుల పేర్ల తరువాత అచ్చైనదని కోపగించును. అట్టివాడు ఇంటికి పోయి లింగపూజకు కూర్చున్నప్పుడు తన్ను తాను ఒక ప్రశ్న అడుగవలెను. నేడు సభలో గాయపడినది శివుడా, కుర్చీయా? సిద్ధరాముని గొప్పతనము కోపము రాకపోవుటలో లేదు. నిప్పు తగులని వానిని చూచినంతనే తన నిప్పు వ్యర్థమని గ్రహించి, ఆ జనులందరి ఎదుటనే తల వంచుటలో కలదు.

అనుభవమంటపమున అక్క

అవమానమును సభలో ఎట్లు స్వీకరింపవలెనో అక్కమహాదేవి చూపినది. ఉడుతడి విడిచి కల్యాణమునకు వచ్చిన ఆ శరణిని అనుభవమంటపమున అల్లమప్రభువు పరుషమైన ప్రశ్నలతో ఎదుర్కొన్నట్లు శూన్యసంపాదనె చెప్పును. నీ భర్త ఎవడని అడుగుట, ఆమె దేహమును గూర్చి, కేశములతో దేహమును కప్పుకొనుటను గూర్చి సభలో ప్రశ్నించుట – ఏ స్త్రీకైనను ఇది గుండె కోత. ఆమె కన్నీరు పెట్టుకొని వెడలిపోలేదు, శపింపను లేదు. ఒక్కొక్క ప్రశ్నకు నిలిచి జవాబు చెప్పినది. ఆమె మాటలు మెత్తనివి గావు, సూటియైనవి. తుదకు ప్రశ్నించినవాడే నమస్కరించినాడు. లోకమున పుట్టిన తరువాత స్తుతినిందలు రెండును వచ్చునని, వానికి కోపము తెచ్చుకొనక సమాధానముతో ఉండవలెనని ఆమె బోధ.

ఇచట ఒక అపార్థమును తొలగింపవలెను. అక్కమహాదేవి శాంతము నోరు లేని శాంతము గాదు. స్త్రీలు ఊరకుండవలెనని చెప్పుటకు ఆమె పేరును వాడుకొనువారు ఆమెను ఎరుగనివారు. ఆమె సభకు వచ్చినది, సభలో నిలిచినది, సభలో మాటాడినది. ఆమె విడిచినది మాటను గాదు, మాటలోని విషమును.

ఆయ్దక్కి లక్కమ్మ చరిత్ర దీనికి తోడైనది. ఆమె భర్త మారయ్య కల్యాణమున నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగ కలవాడు. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ చూచి, ఇది మనకు అవసరమైనది గాదు, ఆశ పుట్టి తెచ్చినది, వెళ్ళి తెచ్చిన చోటనే పోసి రమ్మని చెప్పినది. ఆమెకు కోపము రాలేదని ఎవరు చెప్పగలరు? కాని ఆ కోపము భర్త మీద గాదు. ఇంటిలోనికి ప్రవేశించిన ఆశ మీద. మారయ్యయు నా భార్య నన్నిట్లు అనునా యని రోషపడలేదు. బియ్యమును తీసికొని మరలిపోయెను. చెప్పిన లక్కమ్మకు ఎంత కీర్తియో, విన్న మారయ్యకును అంత కీర్తి. చెప్పుట గణాచారము, వినుట భృత్యాచారము. ఆ గృహమున రెండును ఒక పొయ్యి వద్ద కూర్చుండినవి.

కల్యాణపు మంట

అయినను శరణుల చరిత్రలో శాంతమే కలదని చెప్పినచో అది సత్యము గాదు. 12వ శతాబ్దిలో కల్యాణ పట్టణమున, అనగా నేటి కర్ణాటకలోని బీదరు జిల్లా బసవకల్యాణమున, జరిగిన దానిని కప్పిపుచ్చరాదు. చర్మకార కులమున పుట్టిన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెకును శరణులు వివాహము జరిపించిరని, కలచురి బిజ్జలుడు దానిని నేరముగ ఎంచి ఆ తండ్రులిద్దరిని క్రూరముగ శిక్షించెనని సంప్రదాయము చెప్పును. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున రాజు ఇద్దరు శరణుల కన్నులు తీయించిన వృత్తాంతము కలదు. పిమ్మట జగదేవుడు మొదలగు వీరులు రాజును వధించిరి. ఇది 1167-68 ప్రాంతపు సంఘటన. బసవేశ్వరుడు రాజు కొలువును, కల్యాణమును విడిచి, కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమునకు వెడలిపోయెను. శరణులు చెదరిపోయిరి. చెన్నబసవేశ్వరునితో కొందరు ఉత్తర కన్నడ సీమలోని ఉళవికి చేరిరి.

బసవపురాణము ఆ వధను శివద్రోహమునకు తగిన శాస్తిగ వర్ణించినది. పురాణమును ప్రేమించు భక్తుడు ఇచట తడబడుట సహజము. ఒక చేత కోపగింపవలదను నియమము, మరియొక చేత వీరవ్రతమును కీర్తించు పురాణము. రెండును మన ఇంటివే. ఒకదానిని దాచి మరియొకదానిని మాత్రమే చూపుట నిజాయితీ గాదు. అన్యాయము ఘోరమైనది, శరణుల గుండె మండుట ధర్మమే. కాని ఫలమును గూడ చూడవలెను. రాజు మరణించెను, దానితో అనుభవమంటపమును శూన్యమైనది. చర్మకారుడును మంత్రియు, చాకలియు జంగముడును ఒక్కచోట కూర్చుండి తత్త్వమును విచారించిన ఆ సభ మరల కల్యాణమున కూడలేదు. ప్రతీకారము ఒక పగలు జరిగినది. దాని వెల ఆ సభ. శత్రువు కూల్చలేని దానిని కోపము కూల్చినదని చెప్పుటకు గుండె బరువెక్కును. అయినను చెప్పవలెను.

బసవేశ్వరుని నడతలో రెండు విషయములు స్పష్టములు. చోరులు తన ఆవులను తోలుకొని పోయిరని విన్నప్పుడు, తల్లులు లేక దూడలు అలమటించునని వానిని గూడ వెంట పంపించెనని భక్తులు చెప్పుకొందురు. తన సొత్తు పోయినప్పుడు ఆ మహాపురుషునకు కోపము రాలేదు. శరణులకు అన్యాయము జరిగినప్పుడు మాత్రము రాజు కొలువున కొనసాగలేదు. తన నష్టమునకు క్షమ, పరుల నష్టమునకు ధైర్యము. లోకపు నడత దీనికి తలక్రిందులు. తన ఆవు పోయినచో ఊరెల్ల వినునట్లు అరచును. పొరుగువాని కన్ను పోయినచో తలుపు మూసికొనును.

గణాచారపు హద్దు

గణాచారమును భృత్యాచారమునుండి విడదీయుటవలననే పొరపాటు పుట్టుచున్నది. భృత్యాచారమనగా శరణులందరికి తాను సేవకుడనను భావము. దాని వెంటనే గణాచారము చెప్పబడినది. సేవకుడను భావము స్థిరపడిన పిమ్మటనే నిలిచి ఎదిరించు అధికారము కలుగును. వినయము లేనివాని ధర్మాగ్రహమున ధర్మము తక్కువ, ఆగ్రహము ఎక్కువ. షట్‌స్థలములలోను ఇట్టిదే క్రమము. నిష్ఠకు స్థానమైన మాహేశ్వర స్థలము రెండవది మాత్రమే. దాని పైన ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములు కలవు. నిష్ఠ పేరిట జీవితమంతయు కలహించుచు రెండవ మెట్టుపై నిలిచిపోవువాడు సామరస్యమను చివరి మెట్టును చూడజాలడు.

ఒక గ్రామమున మఠపు వార్షికోత్సవము జరుగుచున్నదని భావింపుడు. దాసోహపు పంక్తిలో ఒక వృద్ధ శరణుడు కూర్చుండగా, ఊరి పెద్దలు వచ్చిరని అతనిని లేపి వెనుకకు పంపిరి. అతడు కూలి చేసికొని బ్రతుకువాడు, మాటాడక లేచెను. ఒక యువకుడు దానిని చూచి మండిపడి, వడ్డించువాని చేతి గరిటెను లాగికొని, పెద్దలను పేరుపేరున దూషించెను. సభ రెండుగ చీలినది. కొందరు యువకుని అవివేకిని చేసిరి. కొందరు వీరుని చేసిరి. ఎవరో ఆ దృశ్యమును సెల్‌ఫోనులో పట్టి పది ఊళ్ళకు పంపిరి. సాయంకాలమునకు వాదమంతయు యువకుని నోటిని గూర్చియే సాగినది. ఆ వృద్ధుడు ఆకలితో ఇంటికి పోయినాడని ఎవరికిని జ్ఞాపకము లేదు.

ఈ యువకుని కోపము న్యాయమైనదే. అది పైకి పోయిన కోపము; పల్లమునకు జారినది గాదు. అతనిని అవివేకియని త్రోసివేయు పెద్దలు ఒక సంగతిని గమనింపవలెను: అతడు అరవక ముందు వారిలో ఎవరు మాటాడిరి? మృదువుగ చెప్పువారు చెప్పనిచో, కఠినముగ చెప్పువాడు పుట్టును. కాని యువకుడును గమనింపవలసినది ఒకటి కలదు. అతడు గరిటెను లాగికొనుటకు బదులు ఆ వృద్ధుని చేయి పట్టుకొని, తీసికొనివచ్చి, తన స్థానమున కూర్చుండబెట్టి, తాను లేచి నిలిచి, శరణులారా, ఈ పంక్తిలో ముందు వెనుకలు ఎవరు ఏర్పరచిరని స్పష్టముగ అడిగి యున్నచో, సభకు జవాబు చెప్పక తప్పెడిది గాదు. దూషణ ఎదుటివానికి తప్పించుకొను దారి చూపును. నిజము మాత్రము అతనిని నిలబెట్టును. అరచినవాని మాటను జనులు గొంతునుబట్టి మరచిపోదురు. నిలిచి అడిగినవాని మాటను తమ మనస్సాక్షినుండి తుడువజాలరు.

కావున సభలో నోరు తెరచుటకు పూర్వము శరణుడు విచారింపవలసినవి మూడు. నేడు గాయపడినది తానా, ఇతరుడా? తానే యైనచో క్షమింపవలెను; ఇతరుడైనచో మాటాడవలెను. తన మాట చేరుచున్నది తనకన్న బలవంతునకా, బలహీనునకా? బలహీనునిపై పోవు కోపము ఏ పేరు పెట్టినను గణాచారము గాదు. ఈ మాట ముగిసిన పిమ్మట ఎదుటివాడు తిరిగి అదే పంక్తిలో కూర్చుండుటకు చోటు మిగులునా? చోటు మిగిలినచో ఆ మాట వైద్యము. మిగులనిచో ఆ మాట ఆయుధము.

మఠములకును, గృహములకును

ఇంతవరకు చెప్పినది కోపగించువానికి. కోపమును వినువానికిని ధర్మము కలదు. మఠాధిపతులును, సంఘపు పెద్దలును తమ ఎదుట పలుకబడిన కఠినవాక్కులో విషమును విడిచి విషయమును గ్రహింపవలెను. చిన్నవాడు గొంతెత్తినాడని శిక్షించుట తేలిక. అతడు గొంతెత్తుటకు కారణమైన దానిని సరిదిద్దుట కష్టము. అనుభవమంటపమున ప్రశ్నకు కులము అడ్డము రాలేదు, లింగభేదము అడ్డము రాలేదు. నేటి మఠమునను సంవత్సరమున ఒకమారైనను స్త్రీలును, యువకులును, కాయకజీవులును తమ మనోవ్యథను భయము లేక చెప్పుకొను సభ జరుగుట మేలు. చెప్పుకొను చోటు కలిగినచో వీధి కెక్కవలసిన అవసరము తగ్గును.

గృహమున తండ్రి బిడ్డలకు చెప్పు పాఠముకన్న బిడ్డలు తండ్రిని చూచి నేర్చు పాఠము గొప్పది. కోడలు పలికిన మాటను గయ్యాళితనమని కొట్టివేయు ఇంటిలో లక్కమ్మ చరిత్రను చదువుట వ్యర్థము. కుమారుడు తండ్రి తప్పును వినయముతో చూపినప్పుడు, తండ్రి మారయ్యవలె బియ్యమును మరల పోసి రాగలిగినచో, ఆ ఇల్లే అనుభవమంటపము.

ఇక కాలు జారినచో తీసికొనవచ్చును, నోరు జారినచో తీసికొనలేమని పెద్దలు చెప్పుదురు. నిజమే, కాని తీసికొనలేని మాటకు ప్రాయశ్చిత్తము లేకపోలేదు. ఏ స్థలమున మాట జారినదో ఆ స్థలముననే క్షమాపణ చెప్పవలెను. వీధిలో చేసిన అవమానమునకు ఇంటి తలుపు చాటున చెప్పిన క్షమాపణ చాలదు. సభలో దూషించి, రాత్రివేళ ఒంటరిగ వచ్చి చేతులు పట్టుకొనుట లోకమున తరచుగ జరుగును. అది సిగ్గును కాపాడును గాని గాయమును మాన్పదు. సిద్ధరాముడు జనులందరి ఎదుట కన్ను తెరచెను. జనులందరి ఎదుటనే తల వంచెను. అందువలననే అతని క్రోధము కథగ మిగిలినది, కళంకముగ మిగులలేదు.

శరణులు ఒకరినొకరు కలిసికొన్నప్పుడు శరణు శరణార్థి యని పలుకరించుకొందురు. కలహము పుట్టు సమయమున ఈ పలుకును మొదట పలికి, పిమ్మట చెప్పవలసిన దానిని చెప్పుట ఒక సాధన. శరణు అని పలికిన నోటినుండి దూషణ వెంటనే రాదు. రెండింటి నడుమ ఒక ఊపిరి పట్టును. ఆ ఒక్క ఊపిరి చాలును.

ప్రతిదినము ఉదయమున లింగవంతుడు ఎడమ అరచేతిని పీఠము చేసి ఇష్టలింగమును దానియందుంచి పూజించును. లింగము నిలిచిన అరచేయి తెరచియే యుండవలెను. దానిని పిడికిలి చేయుటకు వీలులేదు. పూజ ముగిసి లింగము వక్షమునకు చేరిన పిమ్మట ఆ చేయి రోజంతయు ఏమి చేయుచున్నదో చూచుకొనుటయే అసలైన శివాచారము. అన్యాయము ఎదుట ఆ చేయి పైకి లేవవచ్చును. బాధితుని చేయి పట్టుకొనవచ్చును. తప్పు చేసినవానికి దారి చూపవచ్చును. పిడికిలి మాత్రము కారాదు.

కోపగింపవలదను బసవేశ్వరుని ఆజ్ఞయు, ఊరకుండవలదను గణాచారమును ఆ తెరచిన అరచేతియందు ఒక్కటగును.

శరణు శరణార్థి.